గోడలన్నీ మారినా నేల మారలేదు

1970 నాటి లెక్కల్లో దక్షిణ కొరియాలో వంద ఇళ్లకు ఒక్కటి కూడా అపార్ట్‌మెంటు ఉండేది కాదు. 2020 వచ్చేసరికి వందలో అరవైకి పైగా అపార్ట్‌మెంట్లే అయ్యాయి. గడ్డి కప్పు కిందనో పెంకుల కప్పు కిందనో పుట్టినవాళ్లు ఇప్పుడు ఇరవయ్యో అంతస్తులో మనవల్ని ఆడిస్తున్నారు. ఒక్క తరం బతికుండగానే ఒక దేశం తన ఇంటిని పునాది నుంచి కప్పు దాకా మార్చేసుకుంది. వాలరీ జెలెజో అనే ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త సియోల్ అపార్ట్‌మెంట్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి రాసిన పుస్తకానికి కొరియా అనువాదంలో 'అపార్ట్‌మెంట్ల గణతంత్రం' అనే పేరు పెట్టారు.

అయినా ఆ ఇరవయ్యో అంతస్తు ఫ్లాటులోకి చలికాలంలో అడుగుపెడితే రెండు సంగతులు కనిపిస్తాయి. గుమ్మం దాటగానే గది కంటే కొంచెం పల్లంగా చెప్పులు విడిచే చోటు ఉంటుంది. అక్కడి నుంచి పైకి అడుగేస్తే అరికాలికి నేల వెచ్చగా తగులుతుంది. వందల ఏళ్ల కిందట పూరింట్లో తగిలిన వెచ్చదనమే అది. ఇల్లంతా మారిపోయినా అదొక్కటి ఎలా మిగిలింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుంది. ఎందుకంటే దాదాపు ఇదే కాలంలో మన దగ్గరా కోనసీమ మండువా లోగిళ్లు, తెలంగాణ భవంతి ఇళ్లు, రాయలసీమ మట్టి మిద్దెలు, ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు పోయి వాటి చోట కాంక్రీటు డబ్బాలు లేచాయి. ఆ ఇళ్ల నుంచి ఏం తెచ్చుకున్నామో, ఏం వదిలేశామో లెక్క చూసుకునే తీరిక ఎవరికీ దొరకలేదు.

కొరియా పాత ఇంటిని హానోక్ అంటారు. అక్కడి వాతావరణం రెండు వైపులా కఠినం. చలికాలంలో సైబీరియా గాలులకు సియోల్‌లో రాత్రి ఉష్ణోగ్రతలు మైనస్ పదికి దిగుతాయి. ఎండాకాలం మన కోస్తాలో లాగే ఉక్క, వాన. ఈ రెంటినీ తట్టుకోవడానికి ఒకే కప్పు కింద రెండు రకాల నేలలు వేసుకున్నారు. చలికి ఒండోల్, వేడికి చెక్క నేల.

ఒండోల్ పనిచేసే తీరు చూస్తే దాన్ని కనిపెట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. వంటింటి నేల గదుల కంటే పల్లంగా ఉంటుంది. అక్కడి పొయ్యిలో మంట పెడితే వేడీ పొగా నేరుగా బయటికి పోవు. పక్క గది నేల కింద కట్టిన రాతి కాలువల్లోంచి పాకుతూ వెళ్లి, అవతలి గోడకున్న పొగగొట్టంలోంచి బయటపడతాయి. కాలువల మీద పలకరాళ్లు, రాళ్ల మీద మట్టి, మట్టి మీద నూనె పట్టించిన మందపాటి కాగితం. అన్నం ఉడికించిన మంటే గదినీ కాస్తుంది. మంట ఆరినా రాళ్లు తెల్లవారేదాకా వేడిని పట్టుకుని ఉంటాయి. పొయ్యికి దగ్గరగా ఉన్న కొస అన్నింటికంటే వెచ్చన కాబట్టి అది ఇంటి పెద్దలకూ, వచ్చిన చుట్టాలకూ. ఆలస్యంగా ఇల్లు చేరే తండ్రి కోసం అన్నం గిన్నెను అక్కడే బొంత కింద దాచేవాళ్లు. నేల వెచ్చగా ఉంటే కుర్చీ ఎందుకు, మంచమెందుకు? పగలు బొంతలు మడిచి పెడితే అది కూర్చునే గది, రాత్రి పరిస్తే పడకగది. చాపలూ పీటలూ ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

వేసవికి ఇంటి నడుమ దేచంగ్ ఉండేది. చెక్క పలకలు పరిచి, ముందు వైపు గోడ లేకుండా తెరిచి వదిలిన చావడి అది. దాని ముందు ఉండే ఖాళీ ముంగిలిని మదంగ్ అంటారు. అందులో చెట్లు పెట్టరు, పచ్చిక పెంచరు, లేతరంగు మట్టి చదునుగా పరిచి వదిలేస్తారు. అది అందం తెలియకపోవడం వల్ల కాదు. ఎండకు ఆ మట్టి కాగి గాలి పైకి లేస్తే, ఇంటి వెనక కొండ నీడలోని చల్లగాలి ఆ ఖాళీని నింపడానికి చావడిలోంచి ముందుకు వస్తుంది. చూరు పొడవు కూడా లెక్క చూసి పెట్టిందే. వేసవిలో నడినెత్తినుండే సూర్యుణ్ని అది ఆపుతుంది, చలికాలంలో వాలుగా వచ్చే ఎండను గదిలోకి రానిస్తుంది.

ఈ ఇంటిని చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. జోసన్ రాజుల కాలపు పెద్దింట్లో ఆడవాళ్ల భాగం లోపల, మగవాళ్ల భాగం బయట, పనివాళ్ల గదులు గేటు పక్కన. ఎవరు ఎక్కడిదాకా రావచ్చో గోడలే చెప్పేవి. మన లోగిలి కూడా అంతే కదా. అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు వాకిట్లోనే నిలబడాలి అన్నది కులం తేల్చేది. ఆ గోడలు కూలినందుకు నాకు బాధ లేదు. నేను అడిగేది ఆ ఇంటి హోదా గురించి కాదు, అది గాలినీ వేడినీ నడిపిన తీరు గురించి. పెంకుటిల్లు దొరల సొత్తు గానీ, ఒండోల్ మాత్రం రెండు గదుల పూరింట్లోనూ ఉండేది. అందుకే దాని మీద పట్టు అందరిదీ అయింది.

మార్పు మొదట అపార్ట్‌మెంట్ల రూపంలో రాలేదు. జపాన్ పాలనలో ఉన్న 1930 ప్రాంతాల్లో సియోల్ జనం విపరీతంగా పెరిగారు. జపనీయుల నివాసాలు నగరం ఉత్తర భాగంలోకీ పాకడం మొదలైంది. అప్పుడు జంగ్ సెగ్వన్ అనే బిల్డరు బుక్చోన్ ప్రాంతంలోని పెద్ద పెద్ద లోగిళ్లు కొని, స్థలాన్ని చిన్న ముక్కలు చేసి, చిన్న హానోక్‌లు వరసగా కట్టించాడు. ముంగిలి చిక్కిపోయింది గానీ పోలేదు. ఒండోల్ ఉంది, దేచంగ్ ఉంది, దానికి గాజు తలుపులు వచ్చాయి, కరెంటు వచ్చింది. మామూలు జీతగాళ్లు కొనుక్కునేలా వాయిదాల మీద అమ్మాడు. ఈరోజు పర్యాటకులు ఫొటోలు తీసుకునే బుక్చోన్ వీధుల్లో చాలా భాగం జమీందారుల వారసత్వం కాదు, ఈయన కట్టించిన మధ్యతరగతి ఇళ్లు. సంపాదించిన డబ్బులో కొంత కొరియా భాషా సంఘానికి ఇచ్చాడు, సంఘానికి భవనం కట్టించాడు. 1942లో జపాన్ ప్రభుత్వం ఆ సంఘం మీద విరుచుకుపడినప్పుడు ఆయన్నీ పట్టుకుని హింసించింది. మన దగ్గర భవంతినీ లోగిలినీ చిన్న స్థలానికి కుదించి, జీతగాడికి అందేలా వరసగా కట్టి అమ్మిన ఇలాంటి మనిషి ఒకడు ఉండి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తర్వాత 1950-53 కొరియా యుద్ధం. సియోల్ నేలమట్టమైంది. పల్లెల నుంచీ ఉత్తరం నుంచీ వచ్చిన జనం కొండవాలుల మీద రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసుకున్నారు. 1962లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మాపో అనే చోట అపార్ట్‌మెంట్లు కట్టింది. సైనిక పాలకుడు పార్క్ చుంగ్ హీ దాన్ని కొత్త దేశానికి గుర్తుగా చూపించుకోవాలనుకున్నాడు. పది అంతస్తులు, లిఫ్టు, భవనమంతటికీ ఒకే చోటి నుంచి వేడి అని మొదటి ప్లాను. కరెంటు లేని దేశానికి లిఫ్టేమిటి, చుక్క చమురు పుట్టని దేశానికి ఆ వేడి ఏమిటి అని విమర్శలు వచ్చాయి. చివరికి లిఫ్టు లేకుండా ఆరంతస్తులతో సరిపెట్టారు. వేడి కోసం ఏ ఫ్లాటుకా ఫ్లాటు బొగ్గుబిళ్ల పొయ్యి.

ఆ బొగ్గుబిళ్ల కథ చెప్పుకోకుండా ముందుకు వెళ్లలేం. యొంతాన్ అంటారు దాన్ని. స్తంభంలా గుండ్రంగా, నిలువునా రంధ్రాలతో ఉంటుంది. కట్టెల కోసం కొండలన్నీ బోడి అయిపోయిన దేశంలో అదే దిక్కయింది. చవక, రాత్రంతా కాలుతుంది. కానీ నేల కింద రాళ్ల సందుల్లో ఎక్కడ చిన్న బీట ఉన్నా దాని విషవాయువు గదిలోకి వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. 1960, 70లలో ప్రతి చలికాలం వందల మంది నిద్రలోనే పోయేవాళ్లు. మాపో అపార్ట్‌మెంటు తయారైనా ఆ భయంతోనే జనం రావడానికి వెనకాడారట. ఏమీ కాదని నమ్మించడానికి సంస్థ ఉద్యోగులే ఆ గదుల్లో పడుకుని చూపించాల్సి వచ్చిందని చెబుతారు.

ఇక్కడే ఆ దేశం ఒక దారి ఎంచుకుంది. వెచ్చటి నేల మనుషుల్ని చంపుతోంది. పాశ్చాత్య దేశాల అపార్ట్‌మెంట్లలో గోడకు బిగించే రేడియేటర్లున్నాయి. వాటిని పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. కొన్ని తొలి అపార్ట్‌మెంట్లలో హాలుకు రేడియేటరు పెట్టారు కూడా. కానీ జనానికి అది నచ్చలేదు. నేల చల్లగా ఉన్న హాలులో ఖరీదైన సోఫా వదిలేసి, నేల వెచ్చగా ఉన్న పడకగదిలోనే కుటుంబమంతా చేరేది. ఇంజనీర్లు దిగిరాక తప్పలేదు. పొగ కాలువలు తీసేసి, సిమెంటు నేలలో గొట్టాలు పరిచి, వాటిలో వేడినీళ్లు తిప్పారు. మంట గదికి దూరంగా బాయిలరులోకి వెళ్లిపోయింది. 1980లు వచ్చేసరికి హాలుతో సహా ఇల్లంతా గొట్టాలే. ఆ తర్వాత గ్యాసు వచ్చి బొగ్గుబిళ్లను నెట్టేసింది.

ఇందులో ఏది పాతది, ఏది కొత్తది? రాయి లేదు, పొగ లేదు, కట్టె లేదు, పల్లపు వంటిల్లు లేదు. మిగిలింది ఫలితం ఒక్కటే. వెచ్చటి నేల, దాని మీద చెప్పుల్లేని జీవితం. ఆ ఫలితం కోసం మిగతా సామగ్రినంతా మార్చేశారు. మన దగ్గర చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. పాత తలుపు, పాత స్తంభం, ఇత్తడి గంగాళం తెచ్చి హాలులో పెడతాం. ఆ ఇంట్లో పీల్చిన గాలి మాత్రం రాదు. (ఒండోల్ కొరియాలోనే ఆగలేదు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఒక ధనవంతుడి ఇంట్లోని కొరియా గదిలో కూర్చుని ఆ వెచ్చదనానికి అబ్బురపడ్డాడు. తర్వాత తను కట్టిన ఇళ్లలో నేలలోనే వేడినీళ్ల గొట్టాలు వేయించాడు.)

నేల ఒక్కటే కాదు, ముంగిలి పనులు కూడా మెట్లెక్కాయి. హానోక్ పెరట్లో జాడీల గట్టు ఉండేది. కిమ్చీ, సోయా ముద్దలు, మిరప ముద్ద అన్నీ మట్టి జాడీల్లో ఊరేవి. చలికాలం ముందు కిమ్చీ జాడీలను భూమిలో పాతేవాళ్లు. అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆ జాడీలు బాల్కనీల్లోకి చేరాయి. 1990ల నడుమ నుంచి కిమ్చీ కోసమే ప్రత్యేకంగా తయారైన ఫ్రిజ్ ఇంటింటికీ చేరింది. భూమిలో పాతిన జాడీలో ఉండే చల్లదనాన్ని అది కదలకుండా నిలబెడుతుంది. 2005 చివర్లో బాల్కనీని గదిలో కలిపేసుకోవడాన్ని చట్టం ఒప్పుకుంది. దాంతో చాలా ఇళ్లలో ముంగిలి తాలూకు ఆఖరి ముక్క కూడా పోయింది. బయటి చలికీ ఎండకీ గదికీ మధ్య అడ్డుగా ఉండే ఆ జాగా పోవడం నష్టమేనని నా అభిప్రాయం.

దక్షిణం వైపు ముఖం అన్న నియమం మాత్రం నిలిచింది. 1970లలో హాన్ నదికి దక్షిణాన గ్యాంగ్నమ్ పొలాల్లో లేచిన భవనాలను, 1989 తర్వాత బుందాంగ్, ఇల్సాన్ వంటి కొత్త పట్టణాల్లో లేచిన వాటిని పై నుంచి చూస్తే, వరస తర్వాత వరస అన్నీ సూర్యుడి వైపే తిరిగి నిలబడి ఉంటాయి. చూపుకు అదేమీ అందం కాదు. కానీ ఆ వరసల మధ్య దూరం వెనక ఒక చట్టం ఉంది. ఏడాదిలో అన్నింటికంటే పొట్టి పగలున్న రోజున, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు లోపు, ప్రతి ఇంటికీ కనీసం రెండు గంటలు ఏకధాటిగా ఎండ తగిలేటంత ఎడం అన్నది అందులోని ఒక కొలత. పాత ఇంటి చూరు చేసిన పనిని ఇక్కడ చట్టం చేస్తోంది. నన్ను అన్నింటికంటే కదిలించింది ఈ నిబంధనే. ఎండ పడటం ఇంటి యజమాని అదృష్టం కాదు, హక్కు అని రాసుకున్నారు.

ఈ కథలో కన్నీళ్లూ ఉన్నాయి, వాటిని దాచి పాఠం చెప్పడం తప్పు. కొండవాలు గుడిసెలు తీసేసి సియోల్ నగరపాలక సంస్థ హడావుడిగా పేదల అపార్ట్‌మెంట్లు కట్టింది. వాటిలో వావూ అపార్ట్‌మెంటు 1969 డిసెంబరులో పూర్తయింది. 1970 ఏప్రిల్ 8 తెల్లవారుజామున ఒక భవనం కూలి ముప్ఫై మందికి పైగా చనిపోయారు. సిమెంటూ ఇనుమూ తగ్గించి, రాతి మీద నిలవని పునాదులు వేసి నెలల్లో కట్టేశారు. మేయరు రాజీనామా చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, సియోల్ నుంచి ఖాళీ చేయించి నీళ్లూ పనీ లేని చోట దింపేసిన కుటుంబాలు తిరగబడ్డాయి. 2009 జనవరిలో సియోల్‌లోని యొంగ్సాన్‌లో పునర్నిర్మాణానికి ఎదురు నిలిచిన అద్దెదారుల మీదికి పోలీసులు వెళ్లినప్పుడు మంటలు లేచి ఆరుగురు పోయారు. వాళ్లలో ఒకరు పోలీసు. అందరికీ ఎండ హక్కున్న అదే నగరంలో లక్షల మంది బంజిహా అనే సగం భూమిలో కూరుకున్న గదుల్లో బతికారు. యుద్ధమొస్తే దాక్కోవడానికని కట్టించిన నేలమాళిగలే తర్వాత పేదల అద్దె ఇళ్లయ్యాయి. 2022 ఆగస్టు వరదలో అలాంటి గదిలో చిక్కుకుని ఒక కుటుంబం చనిపోయింది. పాత ఇంటి నేలను కాపాడుకున్న సమాజమే పేదవాడి ఇంటిని కాపాడలేకపోయింది. ఆ భాగం మనం నేర్చుకోకూడనిది.

వెచ్చటి నేల ఊరికే రాలేదు, దాని ఖరీదు ఇప్పటికీ కడుతున్నారు. అందరూ నేల మీదే తిరుగుతారు, పిల్లలు నేల మీదే గెంతుతారు. ఆ చప్పుడు కింది ఇంట్లో మోగుతుంది. పై ఇంటికీ కింది ఇంటికీ మధ్య జగడాలు కత్తులదాకా వెళ్లిన సంఘటనలున్నాయి. అందుకే గోడల మీదే నిలిచే కొత్త అపార్ట్‌మెంట్లలో శ్లాబు కనీసం 210 మిల్లీమీటర్ల మందం ఉండాలని నియమం పెట్టారు. మన అపార్ట్‌మెంట్లలో ఐదారు అంగుళాల శ్లాబు మామూలు.

ఇక మన సంగతి. మన వాతావరణానికి ఒండోల్ లాంటిది ఏది? నా లెక్కలో అది ఇంటి గుండా వెళ్లే గాలి, దానికి తోడు గోడ మీద పడే నీడ. వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా సూటిగా ఉండే నడవ, నడిమిన మండువా, చుట్టూ వసారా, మనిషి ఎత్తుకు దిగే చూరు, రాయలసీమ మిద్దెలో వేడిని ఆపే మందపాటి మట్టి కప్పు, దానికి వెలుతురు కోసం పెట్టిన గవాక్షం. ఇవన్నీ ఒకే పనికి. మే నెల మధ్యాహ్నం మనిషి చాప మీద నిద్రపోగలగాలి. మండువా మోతుబరులది గానీ, చూరూ అరుగూ పెరటి తలుపూ చాలామందివి.

అపార్ట్‌మెంటులోకి వచ్చేటప్పుడు దీన్ని వదిలేశాం. ఒకే గోడకు కిటికీలున్న ఫ్లాటు, నడుమ కారిడార్, స్నానాల గదికి డక్టు, పడమటి ఎండకు ఎదురుగా పెద్ద అద్దం, దాని మీద జానెడు సన్‌షేడ్ కూడా ఉండదు. ఆ వేడిని ఏసీతో బయటికి తోస్తే ఎదురింటివాళ్ల కిటికీకి కొడుతుంది. ఏసీ కొనలేనివాళ్లకు పై అంతస్తు శ్లాబు కింద రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. ప్రభుత్వాలు పేదలకు కట్టించే చిన్న ఇళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ కప్పుకూ మనిషికీ మధ్య ఏమీ ఉండదు.

బిల్డరు వినడు, మార్కెట్ ఇంతే అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అపార్ట్‌మెంటులోకి మనం ఒకదాన్ని గట్టిగా పట్టుకుని తెచ్చాం, వాస్తు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడకగది, ఈశాన్యంలో పూజ, తూర్పు గుమ్మం. నలభై అంతస్తుల టవరులో కూడా ఒక్కొక్క ఫ్లాటునీ దీనికి తగ్గట్టు గీస్తారు. అది లేని ఫ్లాటును కొనేవాడు బేరం తగ్గిస్తాడు, లేదా లేచి వెళ్లిపోతాడు. కొరియా జనం రేడియేటరును తిప్పికొట్టిన తీరు కూడా ఇదే. కొనేవాళ్లు పట్టుబడితే ప్లాను మారుతుందని మనమే రుజువు చేశాం. ఆ పట్టును గుమ్మం దిక్కు మీద పెట్టాం గానీ, ఎదురెదురు కిటికీల మీద పెట్టలేదు.

చట్టం వైపు నుంచీ కొంత కదలిక ఉంది. నివాస భవనాల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, తెరుచుకునే కిటికీల విస్తీర్ణానికి కొలత పెట్టింది. విశాఖ, కాకినాడ, విజయవాడ లాంటి ఉక్క ప్రాంతాల్లో ఇంటి విస్తీర్ణంలో ఆరో వంతు, హైదరాబాదులో ఎనిమిదో వంతు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే పూతలు, పెంకులు కప్పు మీద వేయించడం దాని ఉద్దేశం. సున్నం కొట్టిన డాబా మీద పడుకున్న తరానికి అందులో కొత్త ఏమీ లేదు, చేయాల్సిన పనే. కానీ కొనేవాళ్లలో ఎంతమంది సైట్ ఆఫీసులో కూర్చుని ఈ కొలతలు అడుగుతున్నారు? చదరపు అడుగు రేటు, కార్ పార్కింగ్, క్లబ్ హౌస్ గురించి అడిగినంత వివరంగా, ఈ గదిలోకి వచ్చిన గాలి ఏ కిటికీలోంచి బయటికి పోతుంది అని అడగాలి.

తొందరగా అడగాలి కూడా. కొరియాలో అపార్ట్‌మెంటు ముప్ఫై ఏళ్లకే పాతదైపోయినట్టు లెక్క. మాపో భవనాలను 1990లలో కూలగొట్టి ఇంకా ఎత్తుగా కట్టారు. ఆ అలవాటు వల్ల ఎన్ని కుటుంబాలు చెల్లాచెదురయ్యాయో చెప్పలేం గానీ, ప్లానులో తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం మాత్రం వాళ్లకు దొరికింది. మన దగ్గర నూటయాభై ఫ్లాట్ల భవనం కూల్చి కట్టాలంటే భూమిలో వాటా ఉన్న ఇన్ని కుటుంబాలూ ఒక్క మాట మీదికి రావాలి. ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్లలోనే అది ఏళ్లకు ఏళ్లు తెగడం లేదు. కోకాపేటలోనో మధురవాడలోనో అమరావతిలోనో ఇప్పుడు గీస్తున్న టవర్లలో మన పిల్లలు ముసలివాళ్లవుతారు. ఎదురు గోడకు కిటికీ కావాలంటే శ్లాబు పడకముందే కావాలి.